భట్టీ వీపు మీద చెయ్యి



పోయిన రంజాన్‌లో ఒక సాయంత్రం మాదాపూర్‌లో పని మీద ఆలస్యమైంది. ఇఫ్తార్ రోడ్డు మీదే చేసి, ఒక హోటల్ ముందు హలీం కోసం లైన్లో నిలబడ్డాను. సైబర్ టవర్స్ గుండ్రటి భవనం నుంచి నడిచి వెళ్లేంత దూరం. మెడలో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలు, వాళ్లలో సగానికి పైగా గైర్ ముస్లిములు, మా ముందూ వెనకా ఉన్నారు. హోటల్ గుమ్మం పక్కనే ఇటుకలతో, మట్టితో కట్టిన భట్టీ, దాని కడుపులో దేగ్, పైన చెక్క ఘోట్నాలు పట్టుకుని హలీం దంచుతున్న ఇద్దరు మనుషులు. నాతో వచ్చిన మా అన్న కొడుకు, సాఫ్ట్‌వేర్ పిల్లవాడు, ఫొటో తీసుకుంటూ భట్టీ గోడకు ఆనుకున్నాడు. నేను కంగారుగా లాగబోయాను. వాడు నవ్వి, "చచ్చా, ఇది వెచ్చగా కూడా లేదు" అన్నాడు.

చెయ్యి పెట్టి చూశాను. నిజమే. లోపల కట్టెలు భగ్గుమంటున్నాయి, బయట గోడ మీద అరచెయ్యి పెట్టి నిలబడవచ్చు. ఆ క్షణాన మా మామూ గుర్తొచ్చారు, అల్లాహ్ ఆయన మగ్‌ఫిరత్ చేయుగాక. మామూ లోహాన్ని కరిగించి అచ్చులు పోసే ఒక కార్ఖానాలో ఇరవై ఏళ్లకు పైగా భట్టీ దగ్గర పనిచేశారు. మా ఇంట్లో ఆయన మాట ఒకటి సామెతలా తిరిగేది: "భట్టీ కా పేట్ గరం రెహ్నా, పీఠ్ ఠండీ రెహ్నా." కడుపు కాలాలి, వీపు చల్లగుండాలి. వీపు కాలుతున్న భట్టీ మాలిక్ పైసల్నీ తింటుంది, మజ్దూర్ వొంటినీ తింటుంది అనేవారు.

1980ల మధ్యలో రంజాన్ మే, జూన్ నెలల్లో వచ్చిన సంగతి మీలో పెద్దవాళ్లకు యాదుంటుంది. అప్పుడు నేను చిన్నవాణ్ణి. రోజా ఉండి భట్టీ దగ్గర షిఫ్టు చేసి వచ్చిన మామూ, దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని ఖజూర్ నోట్లో పెట్టుకోవడానికి కూడా చెయ్యి లేవక, కాసేపు గోడకు ఆనుకుని కళ్లు మూసుకునేవారు. చొక్కా మీద ఉప్పు చారలు తెల్లగా కనిపించేవి. ఆ కార్ఖానాలో లైనింగ్ పాడైనా నెలల తరబడి కొత్తది వేసేవారు కాదట, మట్టి పూసి నడిపించేవారట. ఊళ్లో కొన్ని ఖాందాన్‌లకు సంబంధించిన విషయం కాబట్టి పేరు వద్దు.

లైనింగ్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఉర్దూ మీడియం బడిలో నాకు భట్టీ అనే మాటే తెలుసు. తర్వాత తెలుగులో డిగ్రీ చేసినప్పుడు కొలిమి, ఆవం, మూస, తిత్తి అన్నీ వరసగా పరిచయమయ్యాయి. ఏ పేరుతో పిలిచినా పని ఒకటే: లోపలి వేడిని లోపలే ఉంచడం. ఇనుప డొల్ల లోపల వేడిని తట్టుకునే ఇటుకలు పేరుస్తారు, లేదా పొడిని దట్టించి గట్టిపరుస్తారు. అదే లైనింగ్. ఇందులో రెండు గుణాలు కావాలి, ఆ రెండూ ఒకదానితో ఒకటి పడవు. మొదటిది, కరిగిన లోహాన్నీ, చిట్టాన్నీ, మంటనీ తట్టుకోవడం. దానికి ఇటుక గట్టిగా, బరువుగా, దట్టంగా ఉండాలి. రెండోది, వేడిని బయటికి పోనివ్వకపోవడం. దానికి ఇటుక గుల్లగా, తేలిగ్గా, గాలి నిండి ఉండాలి. కదలని గాలి, దట్టమైన ఇటుకతో పోలిస్తే, సుమారు యాభయ్యో వంతు వేడిని మాత్రమే మోస్తుంది. మన లిహాఫ్‌లో దూది చేసే పనీ అదే. దూదికి స్వయంగా వెచ్చదనం లేదు, అది గాలిని ఖైదు చేస్తుంది, అంతే.

అందుకే మంచి భట్టీకి రెండు పొరలుంటాయి. మంటకు ఎదురుగా గట్టి ఇటుక, దాని వెనక గుల్ల ఇటుక. అంచనా తప్పి వెనక పొర మరీ మందంగా వేస్తే ముందున్న గట్టి ఇటుకకు చల్లబడే దారి లేక అదే మెత్తబడి కూలిపోతుంది. కాబట్టి ఎంత దుప్పటి కప్పితే అంత మంచిదని కాదు. దీనికి అందాజా కావాలి, ఆ అందాజానే హునర్.

ఇప్పుడు తారీఖ్‌లోకి పోదాం. మన రియాసత్‌లో ఈ హునర్ ఎంత పాతదో చెప్పడానికి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు, నిజామాబాద్ జిల్లా కోనసముద్రం చాలు.

1820లో హెన్రీ వెస్లీ వోయ్సీ అనే ఇంగ్లీషు డాక్టరు అక్కడికి వెళ్లాడు. కల్నల్ లాంబ్టన్ నడిపిన భూ సర్వేలో సర్జన్‌గా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన మనిషి. కోనసముద్రంలో ఉక్కు చేసే పద్ధతిని కళ్లారా చూసి రాసిపెట్టాడు. 1824లో చనిపోయాడు. ఆ రాత 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ జర్నల్లో అచ్చయింది. మన దగ్గర ఆ పని చేసిన కారీగర్‌లు ఒక్క అక్షరం రాసుకోలేదు కాబట్టి, ఇవాళ మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఈ పరాయి మనిషి నోట్సు నుంచే వచ్చింది.

అతను చూసింది ఇది. రెండు రకాల ఇనుము కలుపుతారు. ఒకటి మీర్తపల్లి నుంచి వచ్చేది, రెండోది కొండాపూర్ నుంచి వచ్చేది, మూడు పాళ్లకు రెండు పాళ్లు. (ఈ కొండాపూర్ మన ఐటీ కారిడార్ కొండాపూర్ కాదు, ఉత్తరాదిన ఇనుము పండిన వేరే ఊరు. అయినా ఆ పేరు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది.) ఈ ముక్కల్ని మట్టి మూసల్లో పెట్టి, మూతలు బిగించి, కొలిమిలో ఎద్దు తోలు తిత్తులతో ఒక పగలూ ఒక రాత్రీ, అంటే 24 గంటలు ఆపకుండా ఊదేవారు. తర్వాత మూస పగలగొడితే లోపల గుండ్రటి ఉక్కు ముద్ద. దాన్ని మళ్లీ మట్టి పూసి, గంటల తరబడి కాచి చల్లార్చి, మళ్లీ కాచి చల్లార్చి, సుత్తి దెబ్బకు పగలని స్థితికి తెచ్చేవారు.

అక్కడ వోయ్సీకి ఒక ఇరానీ సౌదాగర్ కలిశాడు. హాజీ హుసేన్, ఇస్ఫహాన్ వాసి. ఇరవై ఏళ్ల కిందట కూడా ఇదే ఉక్కు కోసం ఇక్కడికి వచ్చి వెళ్లినవాడు. తన దేశంలో ఈ ఉక్కును తయారుచేయడానికి ప్రయత్నించి ఓడిపోయారని చెప్పాడట. ఆలోచించండి. ఇస్ఫహాన్ నుంచి కోనసముద్రం దాకా రావడం ఆ కాలంలో నెలల మాట. అంత దూరం వచ్చిన మనిషి కారీగర్ పక్కన కూర్చుని ప్రతి పనీ చూడగలడు, రెండు ఇనుముల పాళ్లు కూడా తెలుసు, అయినా తన ఊళ్లో అది రాదు.

కోనసముద్రం ఒక్కటే కాదు, కథ ఇంకా పాతది. తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో అల్ కిందీ కత్తుల మీద ఒక రిసాలా రాశాడు. అరబ్బీలో హింద్ నుంచి వచ్చిన ఉక్కుతో చేసిన కత్తిని ముహన్నద్ అంటారు. మన ఇళ్లల్లో ముహన్నద్ అని పేరున్న పిల్లలు కూడా ఉన్నారు, ఆ పేరు వెనక ఈ దేశపు ఇనుము ఉందని ఎంతమంది చెప్పారో వాళ్లకు. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి నగల వ్యాపారి తావెర్నియే, దమాస్కస్ తరహా అలలు తేలే కత్తులకు గోల్కొండ రాజ్యపు ఉక్కు ఇరాన్‌కు పోతోందని రాశాడు. ఆ అలల్నే ఫార్సీలో జౌహర్ అన్నారు. మన ఉక్కు అనే మాటే, లేదా కన్నడిగుల ఉక్కు, ఇంగ్లీషువాళ్ల నోట ఊట్జ్ అయిందని చాలామంది పండితులు ఒప్పుకుంటారు. 1790ల్లో ఆ ముద్దలు లండన్ రాయల్ సొసైటీకి చేరాయి. తర్వాత మైకేల్ ఫారడే కూడా వాటితో తంటాలు పడ్డాడు.

ఇక్కడ నా సొంత మాట ఒకటి చెప్పాలి. మన మహఫిల్స్‌లో షంషీర్‌ల గురించి ఫఖర్‌గా మాట్లాడేవాళ్లు ఉంటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో కత్తుల ముందు నిలబడి "యే హమారీ తారీఖ్ హై" అని పిల్లలకు చూపిస్తారు. నేనూ చూపించాను. కాని ఆ కత్తి మెరుపు సగం మాత్రమే మనది. పట్టుకున్న చేతులు, కొన్న సౌదాగర్‌లు, రిసాలాలు రాసిన ఆలిమ్‌లు మనవాళ్లు. మట్టి పిసికి మూస చేసినవాడు, పగలూ రాత్రీ తిత్తి ఊదినవాడు, కొలిమి గోడ ఎంత మందం ఉండాలో చేత్తో తెలిసినవాడు తెలంగాణ కమ్మరి. అతని పేరు వోయ్సీ కూడా రాయలేదు. సౌదాగర్ పేరు మిగిలింది, కారీగర్ పేరు పోయింది. ఇస్ఫహాన్ హాజీ సాబ్‌కూ, ఊరి కమ్మరికీ మధ్య తరాల పాటు బేరం సాగిందంటే ఎవరి మాట మీద ఎవరికి భరోసా ఉండేదో ఊహించవచ్చు. ఈ మధ్య అన్ని వైపులా తారీఖ్‌ను ముక్కలు చేసి ఎవరి ముక్క వాళ్లు ఇంటికి తీసుకుపోతున్నారు. కోనసముద్రం అలా ముక్కలవదు.

మళ్లీ మట్టి దగ్గరికి. ఇస్ఫహాన్‌లో ఆ ఉక్కు ఎందుకు రాలేదో ఒక్క కారణం చెప్పడం కుదరదు, ఖనిజంలో తేడా కూడా ఉంది. కాని మూస మట్టి తక్కువది కాదు. ఆ మట్టిలో ధాన్యపు ఊక, పగిలిన పాత మూసల పొడి కలిపేవారు. ఊక! మన రైతు కళ్లంలో ఎగరేసి పారేసేది. 1980, 90ల్లో థెల్మా లోవ్ అనే అమెరికా పరిశోధకురాలు ఈ తెలంగాణ మూసల ముక్కల్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. ఊక కాలి బూడిదై పోలేదు. మూసిన మంటలో గాలి చాలక నల్లటి బొగ్గుగా, సిలికా అస్థిపంజరంగా మట్టిలోనే నిలిచింది. చుట్టూ మట్టి కాలి ముల్లైట్ అనే సన్నటి సూదులుగా పెరిగింది. ఇవాళ కంపోజిట్ సిరామిక్ అని మనం గొప్పగా పిలిచే పదార్థం లాంటిది. అందుకే ఆ మూస 1200 డిగ్రీలు దాటిన వేడిలో, నెత్తిన తోటి మూసల బరువుతో, పగలకుండా కూర్చుంది.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు కాబట్టి చెప్తున్నాను. మూసలో ఊక వేసింది వేడిని ఆపడానికి కాదు. మూసలోకి వేడి పోవాలి కదా, లేకపోతే ఇనుము ఎలా కరుగుతుంది? అక్కడ ఊక పని బలం ఇవ్వడం, హఠాత్తుగా వేడి మారినా పగలకుండా కాపాడడం. వేడిని ఆపే పనికి ఊక వేరే దారిలో వచ్చింది. ఊక గానీ, రంపపు పొట్టు గానీ కలిపి ఇటుక చేసి గాలి బాగా ఆడేలా కాలిస్తే, ఊక పూర్తిగా కాలిపోయి దాని చోట చిన్న చిన్న కంతలు మిగులుతాయి. ఆ కంతల్లో గాలి. అదే గుల్ల ఇటుక. ఊకను కాలిస్తే సుమారు ఐదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో తొంభై శాతం దాకా సిలికాయే. ఇవాళ పెద్ద ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు మీద వేడి పోకుండా దుప్పటిలా చల్లేది ఈ ఊక బూడిదే. మిర్యాలగూడ రైసు మిల్లు వెనక కుప్పగా పడి ఉండే వస్తువు, 1500 డిగ్రీల ఉక్కు నెత్తిన టోపీ.

కోనసముద్రం కొలిమిలు ఎందుకు ఆరిపోయాయో మీకు తెలిసిన కథే. 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చింది. నిమిషాల్లో టన్నుల కొద్దీ ఉక్కు, ఓడల్లో చవగ్గా మన రేవులకు దిగింది. అడవుల మీద సర్కారు పట్టు బిగిసి బొగ్గులు ప్రియమయ్యాయి. కత్తులకు గిరాకీ పోయింది. కమ్మరి నాగలి కర్రు చేసుకుంటూ మిగిలాడు. చరిత్రకారుడు ఎస్. జైకిషన్ ఊరూరా తిరిగి ఆ చిట్టం గుట్టల్ని నమోదు చేశారు. 2010లో ఇంగ్లాండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగుళూరు ఎన్ఐఏఎస్ కలిసి ఉత్తర తెలంగాణలో పెద్ద సర్వే చేశాయి. రోడ్డు పక్కన చిట్టం రాళ్లు కనిపిస్తే మనం దాటుకుని వెళ్లిపోతాం, వాళ్లు వంగి ఏరుకున్నారు.

హైదరాబాదు నగరంలోనూ ఒక పెద్ద భట్టీ ఉండేది. మన గన్‌ఫౌండ్రీ, పాతవాళ్ల తోప్ కా సాంచా. నిజాం కొలువులో ఫ్రెంచి జనరల్ మూసా రేమూ 1780ల్లో ఫిరంగులు పోయించిన చోటు. ఇప్పుడు ఆ పేరు బస్సు స్టాపుకు మిగిలింది. అదొక వేరే కథ, మరోసారి.

ఇక మన కాలం. కాటేదాన్, జీడిమెట్ల, కొత్తూరు వైపు వెళ్తే తుక్కు ఇనుమును కరెంటు భట్టీల్లో కరిగించే యూనిట్లు కనిపిస్తాయి. ఈ ఇండక్షన్ భట్టీ లైనింగ్ కథ ఇంకా నాజూకు. రాగి చుట్ట బయట, లోహం లోపల, మధ్యలో సిలికా పొడి దట్టించిన గోడ. గోడ మందంగా ఉంటే వేడి పోదు గాని కరెంటు పట్టు తగ్గుతుంది. పలచగా ఉంటే కరెంటు బాగా పట్టుతుంది గాని, ఎక్కడో చీలితే కరిగిన లోహం నీళ్లు పారే రాగి గొట్టం దాకా పోతుంది. నీళ్లూ కరిగిన ఇనుమూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అక్కడ పొదుపు, మజ్దూర్ జాన్, రెండూ ఒకే గోడ మందంలో ఉన్నాయి.

రోజూ వెలిగించి ఆర్పే చిన్న భట్టీల నష్టం మరో తీరు. పొద్దున్నే మంట వేస్తే ముందు టన్నుల కొద్దీ ఇటుకే వేడెక్కాలి. సాయంత్రం ఆర్పితే ఆ వేడంతా గాలిలో కలవాలి. మాల్ కంటే గోడ ఎక్కువ తింటుంది. దీనికి వచ్చిన జవాబు సిరామిక్ ఫైబర్, మట్టి దూది అనుకోండి. దట్టమైన ఇటుక ఘనపు మీటరుకు రెండు వేల కిలోలు పైన తూగితే, ఈ దుప్పటి 96 నుంచి 128 కిలోలు. తనకోసం దాదాపు ఏమీ తినదు, తొందరగా వేడెక్కుతుంది. కంతల సంగతి కూడా ఇదే కోవ. 1400 డిగ్రీల భట్టీకి పది సెంటీమీటర్ల చదరం కంత ఉంటే, అందులోంచి కేవలం కాంతి రూపంలో సుమారు 4 కిలోవాట్లు పోతాయి. ఇంట్లో రెండు, మూడు ఏసీలు తినే కరెంటు అది. మామూ భట్టీ తలుపు మూత పడదని, అడ్డంగా రేకు పెట్టేవారని చెప్పేవారు.

ఈ ఇల్మ్ ఇప్పుడు ఎక్కడ ఉందంటే, విచిత్రంగా, హైటెక్ సిటీ పక్కనే ఉంది. కొత్తగూడ దగ్గర సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనాన్ని 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అది. గోడల్లో గాలి బుడగలు నిండిన ఫ్లై యాష్ బ్లాకులు, కప్పు మీద తోట, ఎండను వడకట్టే జాలీలు. జాలీ చూస్తే మన కుతుబ్‌షాహీ గుంబదులు గుర్తు రాకుండా ఉండవు. పరిశ్రమల్లో ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో చూసి చెప్పడం వీళ్ల పనుల్లో ఒకటి. ఇటువైపు బాలాపూర్‌లో, అంటే పహాడీ షరీఫ్, షాహీన్‌నగర్ వాళ్లకు పొరుగున, ఏఆర్‌సీఐ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ సిలికా ఏరోజెల్ షీట్ల మీద పనిచేసింది. ఏరోజెల్‌లో తొంభై శాతానికి పైగా గాలే. సిలికా, గాలి. ఊక ఇటుకలో ఉన్నవే, పని మాత్రం ఎంతో సన్నం.

అయితే నాకు ఒక శికాయత్ ఉంది. ఆడిట్లు, అవార్డులు పెద్ద కంపెనీలకు అందుతాయి. మన బంధువుల్లో నలుగురు పనివాళ్లతో ఇత్తడి, అల్యూమినియం పోతపోసుకునే షెడ్లు నడిపేవాళ్లున్నారు. వాళ్లకు కొత్త లైనింగ్ వేయడమంటే భట్టీ వారం ఆగాలి, నగదు కావాలి. బ్యాంకు తలుపులు వాళ్లకు ఎంత తెరుచుకుంటాయో మనకు తెలుసు. ఇంకొకటి, ఫైబర్ దుప్పటి వీపును చల్లబరుస్తుంది గాని, దాన్ని కోసేటప్పుడు, పాతది పీకేటప్పుడు రేగే నూగు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఈ ఫైబర్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. ఒంట్లో కరిగిపోయే రకం ఫైబర్ కూడా మార్కెట్లో ఉంది. మామూ కాలంలో ఆస్బెస్టాస్ తాడూ, ఆస్బెస్టాస్ చేతి తొడుగులూ ఎవరూ రెండోసారి ఆలోచించకుండా వాడారు. ఆయన చివరి రోజుల్లో దగ్గు గురించి డాక్టరు అడిగిన ప్రశ్నలకు మా దగ్గర జవాబు లేదు. ఏం పీల్చారో ఎవరూ రాసిపెట్టలేదు. మీ ఇంట్లో ఎవరైనా ఈ పనిలో ఉంటే, లైనింగ్ పీకే రోజు ముక్కుకు దస్తీ కట్టుకుంటే చాలనుకోవద్దని, సరైన మాస్కు పెట్టుకోమని, ముందు నీళ్లు చల్లుకోమని చెప్పండి.

ఈద్ అయిన మూడో రోజు మళ్లీ మాదాపూర్ వెళ్లాల్సి వచ్చింది. హోటల్ ముందు భట్టీని కూలుస్తున్నారు. పాతబస్తీ నుంచి వచ్చిన మేస్త్రీ, అరవై దాటిన మనిషి, ఇటుకల్ని ఒకటొకటిగా తట్టి మట్టి రాలుస్తూ పక్కన పేరుస్తున్నాడు. సలాం చెప్పి, గోడ అంత చల్లగా ఎలా ఉందని అడిగాను. రెండు వరసల ఇటుక మధ్య వదులుగా మట్టి, పొట్టు నింపుతానని చెప్పాడు. రాలిన కాలిన మట్టిని ఒక సంచిలోకి ఎత్తుతున్నాడు. ఎందుకు చచ్చా, పారేయొచ్చు కదా అన్నాను.

"నక్కో బాబా," అన్నాడు, సంచి మూతి కడుతూ. "ఒకసారి ఆగ్ చూసిన మట్టి ఇది. వచ్చే సాల్ కొత్త మట్టిలో ఇదే కలుపుతా. కొత్తది ఒక్కటే వేస్తే పగులుతుంది."